పాలు నురుగై, నురుగు పరుపై

లేటెక్స్ పరుపు కొనడానికి షాపుకి వెళ్లినవాళ్లు ముందు దాని మీద పడుకుని చూస్తారు. నన్నడిగితే కవరుకి జిప్పు ఉందో లేదో ముందు చూడమంటాను. నాలుగు వైపులా కుట్టేసిన పరుపు విషయంలో అమ్మేవాడు చెప్పిందే వేదం. జిప్పు ఉంటే లాగి చూడొచ్చు. చాలాసార్లు పైన ఒక్క అంగుళం లేటెక్స్, దాని కింద కొబ్బరి పీచు గానీ, ఫోమ్ ముక్కల్ని అదిమి అతికించిన రీబాండెడ్ గానీ బయటపడుతుంది. అదీ పరుపే, నిద్రకు లోటుండదు. కాకపోతే పూర్తి లేటెక్స్ ధర పెట్టి కొనాల్సింది మాత్రం కాదు. అసలైనదైతే పైనుంచి కిందదాకా మీగడ రంగులో ఒకే దిమ్మ, ఒళ్లంతా పెన్సిలు దూరేంత బెజ్జాలు. ఆ దిమ్మ వెనక ఎంత చెయ్యి తిరిగిన పని ఉందో తెలిస్తే బేరం ఆడే తీరే మారిపోతుంది.

ఆ పని మొదలయ్యేది తోటలో. మారేడుమిల్లి మన్యంలో కొన్ని రబ్బరు తోటలు ఉన్నా, మన దేశంలో రబ్బరంటే ముందు కేరళే. రబ్బరు బోర్డు ఉన్నది కూడా కొట్టాయంలోనే. చెట్టు నాటాక ఏడేళ్ల దాకా దాని జోలికి పోరు. మనిషి ఛాతీ ఎత్తున మాను చుట్టుకొలత 50 సెంటీమీటర్లకు వస్తే గానీ కత్తి పెట్టరు. లేటెక్స్ అంటే రబ్బరు చెట్టు పాలే. ఆ పాల గొట్టాలు బెరడులో ఉంటాయి. అవి చిక్కగా ఉండేది బెరడు లోపలి అంచున. ఆ అంచు దాటగానే కాంబియం అనే పల్చటి పొర. కొత్త బెరడు పుట్టేది దాన్నుంచే. కత్తి ఆ పొర దగ్గరిదాకా పోతేనే పాలు కారతాయి, పొరకి తగిలిందా, చెట్టు పాడవుతుంది. అందుకని మిల్లీమీటరు మందం బెరడు మిగిల్చి ఆపాలి. పాత గాటు అంచు నుంచి తీసే చెక్కు మిల్లీమీటరున్నర మించకూడదు. ఇదంతా తెల్లవారకముందు, తలకి కట్టుకున్న లైటు వెలుగులో, వందల చెట్లకు, ఆగకుండా చేసుకుపోవాలి. ఎండెక్కితే గొట్టాల్లో ఒత్తిడి తగ్గి పాలు సరిగా కారవు.

గాటు పెట్టే వాలు చూడండి. ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందికి, దాదాపు 30 డిగ్రీలు, మాను చుట్టూ సగం దాకా. గొట్టాలు తిన్నగా నిలువుగా ఉండవు, పైకి పోతూ కాస్త కుడికి ఒరుగుతాయి. గాటు ఎడమ నుంచి కుడికి దిగితే ఎక్కువ గొట్టాలు తెగుతాయి. కత్తి పట్టినవాడి పనితనం కొన్నేళ్ల తర్వాత కూడా చెట్టు మీదే కనిపిస్తుంది. మంచి చెయ్యి పడ్డ చోట కొత్త బెరడు నున్నగా వస్తుంది. మొరటు చెయ్యి పడ్డ చోట బొడిపెలు కడతాయి, అక్కడ మళ్లీ సరిగా గాటు పెట్టలేరు.

చిప్పలోకి చేరిన పాలల్లో రబ్బరు మూడో వంతే, మిగతాది చాలావరకు నీళ్లు. వదిలేస్తే గంటల్లో గడ్డకడుతుంది కాబట్టి అమోనియా కలుపుతారు, సెంట్రిఫ్యూజులో తిప్పి రబ్బరు 60 శాతానికి చేరేలా చిక్కబరుస్తారు. ఆ చిక్కటి పాలనుంచి నురుగు పరుపు తీసిన ఘనత బర్మింగ్‌హామ్‌లో డన్‌లప్ కంపెనీ శాస్త్రవేత్త ఇ.ఎ. మర్ఫీకి దక్కింది. 1929లో ఆయన వాడింది వంటింటి మిక్సరు. ఆ పద్ధతికి కంపెనీ పేరే, డన్‌లప్ అని, నిలిచిపోయింది.

నురుగు తేవడం ఎవరికైనా వస్తుంది. పాలల్లో సబ్బు, గంధకం, జింక్ ఆక్సైడ్ లాంటివి కలిపి గిలక్కొడితే చాలు. ఆ నురుగు చావకముందే గట్టిపడేలా చెయ్యడంలో ఉంది అసలు పనంతా. దానికి చివర్లో సోడియం సిలికోఫ్లోరైడ్ వేస్తారు. పాలకి తోడు వేసినట్టే అనుకోండి. అది నురుగులో మెల్లగా పులుపు పుట్టిస్తుంది, పులుపుకి రబ్బరు కణాలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నురుగుని అచ్చులో పోయడానికి చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే. తొందరగా బిగుసుకుంటే అచ్చు మూలలకి చేరకముందే గడ్డలు కడుతుంది. ఆలస్యమైతే బుడగలు పగిలి కలిసిపోతాయి, అడుగున చిక్కగా, పైన గుల్లగా తయారవుతుంది. మంచి డన్‌లప్ దిమ్మలో కూడా అడుగు భాగం ఒక పిసరు గట్టిగానే ఉంటుంది. ఆ తేడా చేతికి తెలిసీ తెలియనట్టుంటే పని కుదిరినట్టు.

ఇక ఆ బెజ్జాలు. గాలి ఆడడానికని షాపులో చెప్తారు. గాలి ఆడే మాట కొంత నిజమే, కానీ అవి పుట్టింది అందుకు కాదు. గడ్డకట్టిన నురుగుని ఆవిరితో ఉడికించాలి, అందులో వేడేమో తొందరగా పాకదు. ఆరంగుళాల దిమ్మకి బయటినుంచి ఆవిరి పెడితే అంచులు ఉడికి నడుమ పచ్చిగా ఉండిపోతుంది. అచ్చులోకి లోహపు పుల్లలు దింపితే అవి వేడిని దిమ్మ గుండెలోకి మోసుకుపోతాయి. పుల్లలు తీసిన చోటే బెజ్జాలు. కొన్ని చోట్ల లావు పుల్లలు పెడితే అక్కడ పరుపు మెత్తబడుతుంది, సన్నవి పెడితే బిగువుగా ఉంటుంది. భుజాల దగ్గర మెత్తగా, నడుము దగ్గర బిగువుగా ఉండే పరుపు కోసం వేరే ఫోమ్ అతకరు, పుల్లల లావే మారుస్తారు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చిన తెలివి ఇది.

టలలే అనే రెండో పద్ధతి వేరు. అచ్చుని సగమే నింపి, గాలి లాగేసి నురుగుని పొంగించి, గడ్డకట్టించి, కార్బన్ డయాక్సైడ్ పంపి బిగిస్తారు. పైకీ కిందకీ తేడా రాదు, ఒళ్లు ఇంకాస్త దిగుతుంది. ఖర్చూ ఎక్కువే. నడుము గట్టి పరుపు మీదే నిలబడుతుందనే మన ఇళ్లకి డన్‌లప్పే సరి అని నా ఉద్దేశం.

రెండు పద్ధతుల్లోనూ చివరి పని కడగడం. దిమ్మని నీళ్లు పోస్తూ రోలర్ల మధ్య పిండి, పిండి, మిగిలిన సబ్బూ, చెట్టు నుంచి వచ్చిన ప్రోటీన్లూ పోగొట్టాలి. ఖర్చు తగ్గించాలనుకునేవాళ్లు ముందు కత్తెర వేసేది ఇక్కడే. ముక్కు దాన్ని పట్టేస్తుంది: లేత రబ్బరు వాసన మామూలే, ఘాటుగా కొడితే సరిగా కడగలేదని అనుమానించాలి. రబ్బరు గ్లవ్స్‌కే ఒళ్లు దద్దుర్లెక్కేవాళ్లు కడిగారన్న మాట మీద ఆధారపడకుండా డాక్టరుని అడగాలి.

తూకం కూడా అడగండి. 78×60 అంగుళాల పరుపు, ఆరంగుళాల మందం, సాంద్రత ఘనపు మీటరుకి 75 కిలోలైతే కవరు కాకుండానే దాదాపు 35 కిలోలు తూగాలి. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. అయితే సుద్దపొడి కలిపి బరువు తెప్పించేవాళ్లూ ఉన్నారు. దిమ్మ అంచుని వేళ్లతో గట్టిగా నలిపి చూస్తే సుద్ద కలిపింది పొడి రాలుస్తుంది, తొందరగా చిరుగుతుంది. మంచి రబ్బరు సాగి, వదలగానే చటుక్కున వెనక్కి వస్తుంది.

ముద్రల సంగతి. తోట దగ్గర్నుంచి దిమ్మ దాకా ఆర్గానిక్ అని చెప్పేది గోల్స్ ముద్ర, అందులో 95 శాతం ముడిసరుకు సర్టిఫికెట్ ఉన్న తోటలదై ఉండాలి. ఓకో-టెక్స్ ముద్ర హానికర రసాయనాలు పరిమితి లోపు ఉన్నాయని మాత్రమే చెబుతుంది. పెట్రోలియం నుంచి తీసిన సింథటిక్ లేటెక్స్‌కి కూడా అది దొరకొచ్చు. రెండిటినీ ఒకే గాట కట్టి అమ్మడం మామూలైపోయింది. ‘వంద శాతం నేచురల్’ అంటే రబ్బరు మొత్తం చెట్టుదని అర్థం చేసుకోండి, గంధకమూ జింకూ ఎలాగూ ఉంటాయి.

ఎండాకాలంలో చల్లగా ఉంటుందన్న మాటకి మాత్రం కొంత తరుగు తియ్యాలి. సాదా ఫోమ్ కన్నా నయమే గానీ, రెంటచింతల మే నెలలో ఏ పరుపూ నులక మంచానికి సాటిరాదు. ఇంకొకటి: మనకి పరుపుని ఏడాదికోసారైనా డాబా మీద ఎండేసే అలవాటు. దూది పరుపుకి అది ప్రాణం పోస్తుంది, లేటెక్స్‌కి ప్రాణం తీస్తుంది. ఎండ తగిలిన చోట రబ్బరు పసుపెక్కి, బిరుసెక్కి, చివరికి పొడిపొడిగా రాలుతుంది. కవరు విప్పి ఉతికి ఎండేసుకోండి. దిమ్మని మాత్రం నీడపట్టున, గాలి ఆడేచోట పెట్టాలి, ఎత్తేటప్పుడు ఒక మూల పట్టి లాగకుండా ఇద్దరు చెరోవైపు కిందికంటా చేతులు పెట్టి ఎత్తాలి.