సేద్యపు మాటకు ఇంగ్లీషు అర్థం: బ్రౌన్ పనితనం

రాయలసీమలోని డోన్ చుట్టుపక్కల మెట్టచేలల్లో పెరిగిన పిల్లలు వ్యవసాయ డిగ్రీ కోసం మహానంది కళాశాలలో చేరితే, మొదటి ఏడాదిలోనే ఇంగ్లీషు నేర్పే కోర్సు ఒకటి ఉంటుంది. దానికి రెండు క్రెడిట్లు. తక్కిన పాఠాలూ ఇంగ్లీషులోనే సాగుతాయి. ఇంటి దగ్గర గుంటక అన్నది అక్కడ బ్లేడ్ హారో అవుతుంది. గొర్రు సీడ్ డ్రిల్ అవుతుంది. బుడ్డలు గ్రౌండ్‌నట్ అవుతాయి. పని చేతికి తెలుసు, పనిముట్టు కంటికి తెలుసు. ఆ భాషలో దాని పేరేమిటో, ఆ పేరును వాక్యంలో ఎలా కూర్చాలో మాత్రం కొత్తగా నేర్చుకోవాలి.

ఇదే చిక్కు రెండు వందల ఏళ్ల కిందట కడపలో ఒక కుర్ర తెల్లదొరకు తలకిందులుగా ఎదురైంది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. 1817లో మద్రాసు చేరి, సెయింట్ జార్జి కోట కాలేజీలో తెలుగు నేర్చుకుని, 1820లో కడప కలెక్టరు దగ్గర సహాయకుడిగా కుదిరాడు. పరీక్షలో నెగ్గిన తెలుగు వేరు, కచేరీ మెట్ల ముందు నిలబడిన రైతు తెలుగు వేరు. రైతు చెప్పే పేర్లూ తెలియవు, ఆ పేర్ల వెనకున్న పనులూ తెలియవు. ఆ చిక్కులోంచి బయటపడటానికి ఆయన ముప్పై ఏళ్లకు పైగా కూడబెట్టిన సరంజామాలో వ్యాకరణం, వాచకం, సంభాషణలు, నిఘంటువు అన్నీ ఉన్నాయి. తెలుగు సాహిత్యానికి బ్రౌన్ చేసిన మేలు గురించి మనవాళ్లు చాలా రాశారు. పరాయి భాష నేర్పే పుస్తకాల పనివాడిగా ఆయన్ను చూసింది తక్కువ. ఇక్కడ చూడదలచింది ఆ పనితనాన్నే.

సేద్యపు మాటలు ఆ ఉద్యోగానికి ఎందుకంత అవసరమో ముందు చెప్పాలి. 1800 నుంచి 1807 దాకా, నేటి రాయలసీమతో కూడిన దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఇక్కడ రైతువారీ పద్ధతిని పాదుకొల్పాడు. జమీందారు మధ్యలో లేడు, శిస్తు నేరుగా రైతు మీదే. అంటే ఏ చేను మెట్ట, ఏది మాగాణి, ఏది నల్లరేగడి, బావికి కపిల ఆడుతోందా, తొలకరి ఏ కార్తెలో కురిసింది, ఎన్ని అరకల సేద్యం అన్నవన్నీ కలెక్టరు మనుషులకు అర్థం కావాలి. ఒక్క మాట తప్పుగా వింటే ఒక ఇంటి శిస్తు మారిపోతుంది. ఆ మన్రోయే 1820లో మద్రాసు గవర్నరై, 1827లో డోన్‌కు పొరుగునున్న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆయన వేసిన పద్ధతి నడవాలంటే దొరలకు రైతు మాట రావాలి. బ్రౌన్ పుస్తకాలకు నేల అది.

అప్పటికి పుస్తకాలు అసలే లేవని కాదు. విలియం కేరీ వ్యాకరణం 1814లో వచ్చింది. ఎ.డి. క్యాంప్‌బెల్ వ్యాకరణం 1816లో, నిఘంటువు 1821లో వచ్చాయి. ఆ నిఘంటువుకు ఆధారం మచిలీపట్నం పండితుడు మామిడి వెంకయ్య కూర్చిన ఆంధ్రదీపిక. కావ్యం చదవడానికి అవి దారి చూపుతాయి. చేను గట్టు మీద మాట్లాడటానికి చాలవు. బ్రౌన్ ఆ కొరతను పట్టుకుని, పనిని భాగాలుగా విడగొట్టుకున్నాడు. 1840 వ్యాకరణంలో గ్రాంథిక రూపంతో పాటు నోటి మాటకూ చోటిచ్చాడు. వాచకంలో కథలు, ఉత్తరాలు, అర్జీలు చదివించాడు. 1852 నాటి వాక్యావళిలో ఇంగ్లీషు పలుకుబడికి తెలుగు పలుకుబడిని ఎదురుగా నిలిపాడు. కచేరీల్లో తిరిగే ఫారసీ, హిందుస్తానీ మాటలను 1854లో మిశ్రభాషా నిఘంటువుగా వేరు చేశాడు. వీటన్నిటికీ నడుమ వెయ్యి పేజీలు దాటిన 1852 తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు నిలిచింది. నియమం ఒకచోట, వాడుక ఒకచోట, చదువుకునే పాఠం ఒకచోట, వెతుక్కునే మాట ఒకచోట. నేర్చుకునేవాడికి ఏ అవసరం ఎప్పుడు పడుతుందో తెలిసినవాడు చేసే విభజన ఇది.

పనితనం అసలు కనిపించేది నిఘంటువులో ఒక్కొక్క మాట పద్దు లోపలికి వెళ్లినప్పుడు. మాట మొదట తెలుగు లిపిలో, పక్కనే రోమన్ లిపిలో ఉంటుంది. తర్వాత అది ఏ భాషనుంచి వచ్చిందో, నామవాచకమో క్రియో చెప్పే గుర్తులు. ఆపై ఇంగ్లీషు అర్థం. చాలాచోట్ల తెలుగు పర్యాయపదాలూ, కవుల ప్రయోగాలూ, వాటి పక్కనే నోటి వాడుకలోని వాక్యమూ దాని ఇంగ్లీషూ. కావ్య ప్రయోగం, వాడుక వాక్యం ఒకే గడపలో సమానంగా కూర్చోవడం ఆనాటి పండితులకు మింగుడుపడే సంగతి కాదు. భాషకు రుజువు ఇద్దరి దగ్గరా దొరుకుతుందని బ్రౌన్ నమ్మాడు.

జడ్డిగం సంగతి చూడండి. గొర్రు మీద నిలబెట్టి, విత్తనం పోసే చెక్కగిన్నె అది. కింద బెజ్జాలు, బెజ్జాలకు వెదురు గొట్టాలు, గొట్టాల కొసలు గొర్రు పళ్ల వెనక. ఎద్దులు నడుస్తుంటే వెనకనున్న మనిషి గుప్పిట్లోంచి విత్తనాన్ని సమంగా వదలాలి. వేగం తగ్గినా పెరిగినా సాలు పలచబడుతుంది, లేదా గుబురవుతుంది. ఏ కావ్యంలో వెతికినా దొరకడం కష్టమైన మాట ఇది. బ్రౌన్‌లో ఉంది, అదీ గొర్రులో ఏ భాగమో తెలిసేటట్టు. అక్కరకొచ్చే నిఘంటువుకు ఇదే పరీక్ష: పెద్ద పనిముట్టు పేరు ఎవరైనా ఇస్తారు, దాని భాగాల పేర్లు అడిగి తెలుసుకున్నవాడే ఇస్తాడు. అలాగే నాగలికి నాగలి, మడక అని రెండు పేర్లనూ చేర్చాడు. ఎద్దులు, కాడి, నాగలి కలిసి పనికి సిద్ధమైనప్పుడు అరక అంటామన్న తేడానూ విడవలేదు.

పదును ఇంకో రకం పరీక్ష. అది పనిముట్టు కాదు, చూపించి అడగడానికి. వాన కురిసి, నేల తాగి, పైన జిగురు ఆరి, లోపల తడి నిలిచిన స్థితి. ఆ ఒకటి రెండు రోజుల్లో మడక కదలాలి, గొర్రు కదలాలి. ఇంగ్లీషులో దీనికి ఒక్క మాటలో సరితూగేది లేదు. కాలేజీ పాఠంలో ఫీల్డ్ కెపాసిటీ అని ఒకచోట, టిల్త్ అని ఇంకోచోట వస్తాయి. మొదటిది నేల పట్టి ఉంచే తడిని కొలుస్తుంది, రెండోది దున్నిన మట్టి పొందికను చెబుతుంది. పదునులో రెండూ ఉన్నాయి, విత్తే వేళ కూడా ఉంది. ఇలాంటిచోట బ్రౌన్ తొందరపడి ఒక ఇంగ్లీషు మాటను అంటగట్టడు. నేల తడి, దున్నడానికి తగిన స్థితి అని వివరిస్తాడు. సమానార్థకం లేనప్పుడు వివరణ రాయడం, ఉన్నప్పుడు వివరణ మానేయడం. ఈ తూకం తెలియనివాళ్ల నిఘంటువులు ఒకవైపు బరువెక్కుతాయి.

పంటల పేర్ల దగ్గర మూడో జాగ్రత్త ఉంది. జొన్న, కొర్ర, సజ్జ వంటి వాటికి ఊరిపేరుతో ఆపకుండా వృక్షశాస్త్రపు లాటిన్ పేరునూ ఇవ్వాలని చూశాడు. జొన్న ఇంగ్లండు పంట కాదు. మిల్లెట్ అంటే అందులో పది రకాలున్నాయి. లాటిన్ పేరు పెడితే ఏ దేశంవాడికైనా మొక్క ఒకటే. ఆ పేర్లలో కొన్ని తర్వాత శాస్త్రజ్ఞులు మార్చారు. పద్ధతి మాత్రం నిలిచింది. నంద్యాల పరిశోధన కేంద్రం సూర్యనంది కొర్రను విడుదల చేసినప్పుడు కూడా ఊరిపేరు, శాస్త్రనామం పక్కపక్కనే నడిచాయి.

ఇంత పని ఒక్కడి చేతి మీదుగా కాలేదు. కడపలో బంగళా కొని, జీతాలిచ్చి, పండితులను, రాయసగాళ్లను కూర్చోబెట్టాడు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మశాస్త్రి వంటివారు ప్రతులు పోల్చారు, పాఠాలు దిద్దారు, అర్థాలు చెప్పారు. పండితుడు చెప్పిన అర్థాన్ని బ్రౌన్ కళ్లు మూసుకుని తీసుకోలేదు. ప్రయోగం అడిగాడు. ప్రయోగం చూపినా, నోటి వాడుకతో సరిచూశాడు.

మాట ఖచ్చితంగా ఉండాలన్న పట్టుదల ఆయన ఉద్యోగంలోనూ కనిపిస్తుంది. 1832–33లో గుంటూరు సీమ ఆకలితో అల్లాడినప్పుడు, పైవాళ్లకు నచ్చే మాట కొరత. బ్రౌన్ కరువును కరువనే రాశాడు. రాయలసీమలో పని చేసినవాడికి ఆ రెండింటి తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు.

లోటు లేదని కాదు. ఏ మాట ఏ సీమదో బ్రౌన్ క్రమంగా చెప్పలేదు. ముంగారు (తొలకరి) అనే మాట డోన్ రైతుకు రోజువారీ మాట, గోదావరి రైతుకు వింత. 1903లో వేంకటరత్నం, మరో క్యాంప్‌బెల్, కందుకూరి వీరేశలింగం నిఘంటువును సవరించి విస్తరించినప్పుడూ ఆ పని మిగిలే ఉంది. దాన్ని చేపట్టినవాడు భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం పూర్తిగా వ్యవసాయానిదే. పల్లెల్లో రైతుల నోటినుంచి మాటలు సేకరించి, వాటి ఆధారంగా తెలుగు నేలను ఉత్తర, దక్షిణ, తూర్పు, మధ్య మండలాలని నాలుగుగా గుర్తించాడు. మాండలికాల సరిహద్దును రైతు పనిముట్ల పేర్లే పట్టిచ్చాయి. బిహార్ రైతుల జీవితం మీద గ్రియర్సన్ 1885లో చేసిన పదసేకరణకు తెలుగులో శాస్త్రీయమైన జవాబు అది. బ్రౌన్ దగ్గర ఇంగ్లీషు అర్థం ఉంది, కృష్ణమూర్తి దగ్గర ఊరి ఆచూకీ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే గాని డోన్ విద్యార్థికి పూర్తి సాయం అందదు.

మాటల తర్వాత వ్యాకరణం. ఇక్కడ బ్రౌన్ పడ్డ కష్టాన్ని తిప్పి చదివితే మన పిల్లల కష్టం తెలుస్తుంది. పాలు, వడ్లు వంటి మాటలను బహువచనమని ఆయన గుర్తు పెట్టుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే ఇంగ్లీషులో మిల్క్, ప్యాడీ ఏకవచనాలు. మనం వడ్లు ఆరినాయి, నీళ్లు పారినాయి అంటాం. అదే అలవాటుతో ఇంగ్లీషులో వాటర్ ఆర్ ఫ్లోయింగ్ అని రాసి మార్కులు పోగొట్టుకుంటాం. వానదీ అదే కథ. మనకు వాన కురుస్తుంది, కర్త వానే. ఇంగ్లీషుకు ఏ పనీ చేయని ఇట్ ఒకటి ముందు కావాలి: ఇట్ రెయిన్డ్. ఇక ప్రయోగశాల నివేదికంతా కర్మణి ప్రయోగమే, ది సీడ్ వాజ్ సోన్ అన్నట్టు. విత్తనం విత్తబడింది అని డోన్‌లో ఎవరూ అనరు, విత్తనమేసినారు అంటారు. తెలుగు నోటికి లేని ఈ ప్రయోగాన్ని పొలం వాక్యాల మీదే సాధన చేయించాలి. రాణి చేత ఉత్తరం రాయబడెను వంటి పాత ఉదాహరణలు వ్యవసాయ విద్యార్థికి అక్కరకు రావు.

ఏ, ది అనే ఆర్టికల్స్ బాధ మన ఒక్కరిదే అనుకోకూడదు. ఉక్రేనియన్ భాషలోనూ ఆర్టికల్స్ లేవు. అతను రైతు అన్నచోట వర్తమానంలో వాళ్లకూ క్రియాపదం అక్కర్లేదు, మనలాగే. కీవ్ వ్యవసాయ విద్యార్థీ, డోన్ వ్యవసాయ విద్యార్థీ ఇంగ్లీషు వాక్యంలో ఇంచుమించు ఒకేచోట తడబడతారు. ఇద్దరికీ ఒక ఊరట కూడా ఉంది. నేలల పాఠం తెరిస్తే వాళ్ల నల్లమట్టి చెర్నోజెమ్ అని, మన రేగడి రేగర్ అని, ఇంగ్లీషు శాస్త్రగ్రంథంలో ముందే కూర్చుని ఉంటాయి. సొంత నేల పేరుతో మొదలయ్యే పాఠం ఎవరినీ భయపెట్టదు.

వ్యవసాయ పిల్లలకు ఇంగ్లీషు పుస్తకం రాసేవాళ్లు బ్రౌన్ నుంచి తీసుకోవలసింది ఈ క్రమాన్నే. ముందు పని, తర్వాత పనిముట్టు, దాని భాగాలు, ఆపైన వాక్యం, చివర నియమం. బ్రౌన్ నిఘంటువు ఇప్పుడు పునర్ముద్రణల్లోనూ, ఆంధ్రభారతి వంటి వెబ్ నిఘంటువుల్లోనూ ఫోనులోనే దొరుకుతుంది. ఇంట్లో వాడే పాతిక సేద్యపు మాటలు రాసుకుని, ఒక్కొక్కటి అందులో తెరిచి, ఇంగ్లీషు అర్థాన్ని నేటి పాఠ్యపుస్తకంతో సరిచూసి, ఒక్కో వాక్యం కట్టి చూడొచ్చు. కొన్ని మాటలు బ్రౌన్‌లో దొరకవు, కొన్నిటి అర్థం ఈ ఊళ్లో వేరే ఉంటుంది. అప్పుడు ఆయన చేసిన పనే చేయాలి, తెలిసినవాళ్లను అడగాలి. బ్రౌన్ దానికోసం పండితులకు జీతాలిచ్చాడు, కచేరీలో రైతులను నిలబెట్టి విన్నాడు. డోన్ పిల్లలకు అంత ఖర్చు లేదు, అడగాల్సిన మనిషి ఇంట్లోనే ఉన్నాడు.