మార్చి జీతం ఏ ఏడాదిది?

2025 జూలైలో మా మేనకోడలు ఒక పొడవాటి తెల్లకాగితం పట్టుకుని వచ్చింది. జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంటు. నిరుటి పే స్లిప్పులన్నీ డౌన్‌లోడ్ చేసుకుని, నెలకో వరుస చొప్పున స్కేలు పెట్టి గీతలు గీసింది. ఒక పక్క బేసిక్, డీఏ, హెచ్ఆర్ఏ. ఇంకో పక్క జడ్పీ పీఎఫ్, జీఎల్ఐ, జీఐఎస్ బీమా చందాలు, వృత్తి పన్ను, ఇన్‌కమ్ టాక్స్. అడుగున ఎర్ర సిరాతో మొత్తాలు.

"మామయ్యా, నా కూడికలో 14,12,640 వచ్చింది. ఆఫీసు ఇచ్చిన ఫారం 16లో 14,45,100 ఉంది. చేతికి రాని డబ్బుకి నేనెందుకు పన్ను కట్టాలి?" అంది. గొంతులో కోపం దాచుకోలేదు.

నాకు మాత్రం ఆ కాగితం చూడగానే ప్రాణం లేచొచ్చింది. సంతకం పెట్టేముందు చదవండి అని నేను ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు మొత్తుకున్నానో మీకు తెలుసు. బ్యాంకు కాగితాల దగ్గర, ఇంటి అగ్రిమెంట్ల దగ్గర, పిల్లల కాలేజీ ఫారాల దగ్గర అదే పాట పాడాను. రిటర్ను కూడా సంతకమే. ఓటీపీ కొట్టి వెరిఫై చేశామంటే, అందులోని ప్రతి అంకె నాదేనని ప్రమాణం చేసినట్టు. స్టాఫ్‌రూమ్‌కి వచ్చిన ఏజెంటుకి ఐదొందలూ, పాస్‌వర్డూ ఇచ్చేసి, రిఫండు ఎంతొస్తుందో అని ఎదురుచూసేవాళ్లే ఎక్కువ. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. తప్పుడు మినహాయింపులు చూపించి రిఫండ్లు రాబట్టే ఏజెంట్ల మీదే ఆ దాడి. అంతకుముందు నాలుగు నెలల్లో సుమారు 40,000 మంది రిటర్నులు సవరించి, 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని శాఖే ప్రకటించింది. వాళ్లలో ఎంతమందికి తమ పేరు మీద ఏ క్లెయిము వేశారో ముందే తెలిసి ఉంటుంది?

అందుకే ఆ వారం కాలమ్‌కి విషయం దొరికిందనుకున్నాను. ఎవరి రిటర్ను వాళ్లే, తమ పే స్లిప్పులు ముందు పెట్టుకుని వేసుకోవాలి, ఫారం 16ని గుడ్డిగా నమ్మొద్దు అని రాద్దామనుకున్నాను. అలా అనుకుంటూనే ఆమె కాగితం ముందుకు లాక్కుని కూర్చున్నాను.

ఆమె ఏప్రిల్ 2024 స్లిప్పు నుంచి మార్చి 2025 స్లిప్పు దాకా కూడింది. ఆర్థిక సంవత్సరం అంటే అందరికీ తోచేది అదే. ప్రభుత్వ ఉద్యోగికి మార్చి జీతం ఏప్రిల్లో అందుతుంది. కాబట్టి మార్చి 2024 జీతం ఈ లెక్కలోకి వస్తుంది, మార్చి 2025 జీతం తరువాతి ఏటి లెక్కలోకి పోతుంది. ప్రభుత్వ బళ్లలో పన్ను స్టేట్‌మెంటు మార్చి నుంచి ఫిబ్రవరి వరకు ఎందుకు వేస్తారంటే ఇదే కారణం. నెలాఖరుకే జీతం పడే కంపెనీల్లో ఏప్రిల్ నుంచి మార్చి సరిపోతుంది. మార్చి 2025 స్లిప్పు తీసేసి మార్చి 2024ది వేసి చూస్తే ఆమె మొత్తం పెరగలేదు, 3,340 తగ్గి 14,09,300 అయింది. ఇంక్రిమెంటుకి ముందు జీతం కదా. తేడా ఇప్పుడు 35,800కి చేరింది.

"పీఎఫ్ స్టేట్‌మెంటు ఉందా అమ్మాయ్?" అన్నాను. ఫోన్‌లో తీసింది. నెలనెలా పడే చందాల మధ్య ఒకే ఒక్క పెద్ద జమ. 35,800. పాత డీఏ బకాయి. అది సప్లిమెంటరీ బిల్లులో వచ్చింది కాబట్టి నెలవారీ స్లిప్పులో లేదు. నేరుగా పీఎఫ్‌లో జమైంది కాబట్టి బ్యాంకు ఖాతాలో కూడా కనిపించలేదు. చట్టం దృష్టిలో అదీ జీతమే. 14,09,300కి 35,800 కలిపితే 14,45,100. ఫారం 16లో ఉన్నదీ పైసాతో సహా అదే.

సరెండర్ లీవు బిల్లు, పీఆర్సీ (వేతన సవరణ) బకాయి కూడా ఇలాంటివే. స్లిప్పులన్నీ వరసగా పేర్చుకుని లెక్క పూర్తయిందనుకునేవాళ్లని ఈ విడి బిల్లులే తప్పుదారి పట్టిస్తాయి.

ఆ బకాయి ఆమెకి ఒక హక్కు కూడా ఇస్తుంది. వెనకటి సంవత్సరాల డబ్బు ఈ ఏడాది వచ్చి పడి పన్ను భారం పెరిగితే, 1961 ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 89 కింద ఉపశమనం అడగొచ్చు. దానికి రిటర్నుకి ముందే 10ఈ ఫారం ఆన్‌లైన్లో వేయాలి. వేయకుండా రిటర్నులో అంకె రాసేస్తే ఆ ఉపశమనం ఇవ్వరు. బకాయి ఏయే సంవత్సరాలదో ఆ సంవత్సరాల ఆదాయం, పన్ను మళ్లీ రెండు రకాలుగా, బకాయి కలిపీ కలపకుండా, లెక్కగట్టాలి. ఉపశమనం వస్తుందో రాదో కూడా ఆ పాత కాగితాలు చూస్తేనే తేలుతుంది. ఐదారేళ్ల కిందటి ఫారం 16లు దాచుకున్నవాళ్లు మీలో ఎందరు?

మా నాన్నగారు దాచేవారు. తనవే కాదు, బడి మొత్తానివి. కృష్ణా జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆయన గుమాస్తా. ఫిబ్రవరి వచ్చిందంటే మా ఇంటి అరుగు స్టాఫ్‌రూమ్ అయిపోయేది. ఇన్‌కమ్ టాక్స్ స్టేట్‌మెంటు జత చేయకపోతే ఫిబ్రవరి జీతాల బిల్లు సబ్ ట్రెజరీ దాటేది కాదు. సాయంత్రం బడి వదలగానే మాస్టార్లు ఎల్ఐసీ రసీదులు, ఎన్ఎస్‌సీలు చొక్కా జేబుల్లో పెట్టుకుని వచ్చేవారు. అప్పట్లో సెక్షన్ 88 ఉండేది. పొదుపు మీద 20 శాతం నేరుగా పన్నులోంచి తగ్గేది. నాన్నగారు పే బిల్లుల ఆఫీసు కాపీలు ముందేసుకుని, కార్బన్ పేపరు పెట్టి, ఒక్కొక్కరికీ నెల నెలా చదివి వినిపించేవారు. "మాస్టారూ, జూలైలో మీది సగం జీతమే, హాఫ్ పే లీవు పెట్టారు, గుర్తుందా?" "సైన్సు టీచరుగారూ, ఇంక్రిమెంటు అక్టోబరులో పడింది, సెప్టెంబరులో కాదు." వాళ్లు అవునన్నాకే తరువాతి గడిలోకి వెళ్లేవారు. మొత్తం అయ్యాక, తల ఊపితే ఒప్పుకునేవారు కాదు. చదివి, అడుగున సంతకం పెట్టాలి. ఒక హిందీ పండితుడు, "మీరు రాశాక నేను చూసేదేముందండీ" అని కలం తీశారు. నాన్నగారు కాగితం వెనక్కి లాక్కుని, "నేను రాసింది మీ జీతం. మీరు చూడకపోతే ఇంకెవరు చూస్తారు?" అన్నారు. పండితుడుగారు మళ్లీ కూర్చుని మొదట్నుంచీ చదివారు. ప్రొవిడెంటు ఫండు చందా ఒక నెల తక్కువ పడిందని ఆయనే పట్టుకున్నారు.

ఆ తప్పు దొరికినప్పుడు నాన్నగారి ముఖం వెలిగిపోవడం నాకింకా గుర్తు. మేనకోడలి కాగితం చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఆయన నుంచే వచ్చిందనుకుంటాను. ఆ రాత్రి కాలమ్ రాయబోతే కలం సాగలేదు. ఎవరి రిటర్ను వాళ్లే వేసుకోవాలన్న నా మాట, ఆ అరుగు మీద జరిగిన పనికి సరిపోవడం లేదు. అక్కడ ఎవరూ ఒంటరిగా లెక్క తేల్చుకోలేదు. గుమాస్తా దగ్గర బిల్లులున్నాయి, మాస్టారి దగ్గర జ్ఞాపకం ఉంది. రెండూ కలిస్తేనే అంకె నిలబడింది.

2025 నాటి ఏర్పాటులో ఆ కలయిక ఇంకా అవసరం. కంపెనీ అయితే మన దగ్గర కోసిన పన్నుకి చలానా కడుతుంది. ప్రభుత్వంలో అది ట్రెజరీ పుస్తకాల్లో సర్దుబాటు అవుతుంది. ట్రెజరీ నెలనెలా 24జీ అనే స్టేట్‌మెంటు వేస్తే బిన్ అనే నంబరు పుడుతుంది. ఆ నంబరు వేసి డీడీవో, అంటే బళ్లో హెడ్మాస్టరు, మూడు నెలలకోసారి 24క్యూ అనే టీడీఎస్ రిటర్ను దాఖలు చేయాలి. అది దాఖలయ్యేదాకా మీ స్లిప్పులో పన్ను కోత ఎంత స్పష్టంగా ఉన్నా, జమైన పన్ను చూపించే 26ఏఎస్‌లో మీ పాన్ కింద ఏమీ కనబడదు. ఆలస్యమైతే రోజుకి 200 రూపాయల రుసుము. ఆ దెబ్బ హెడ్మాస్టరు మీద పడుతుంది. పాన్‌లో ఒక్క అక్షరం తప్పితే ఒకరి పన్ను ఇంకొకరి ఖాతాలో చేరే ప్రమాదం ఉంది.

జీతంలోంచి యజమాని పన్ను కోసేశాక, అంత మేరకు అదే పన్ను మళ్లీ ఉద్యోగిని అడగకూడదని 1961 చట్టంలోని సెక్షన్ 205 చెబుతుంది. అలాంటప్పుడు పే స్లిప్పు గట్టి సాక్ష్యం. సాక్ష్యం ఉన్నా, 26ఏఎస్‌లో లేని టీడీఎస్‌ని రిటర్నులు పరిశీలించే బెంగళూరు సీపీసీ కంప్యూటరు ఒప్పుకోదు. డిమాండు వస్తుంది, జవాబు రాయాలి, తిరగాలి. తేడా కనబడిన రోజునే ఆఫీసుకి వెళ్లి 24క్యూ సవరింపజేసుకుంటే ఇవేవీ ఉండవు.

కంపెనీ ఉద్యోగులకీ ఈ పేచీ ఉంది. ఏడాది మధ్యలో ఉద్యోగం మారినవాళ్లకి ఇద్దరు యజమానులూ స్టాండర్డ్ డిడక్షన్, పన్ను లేని శ్లాబు విడివిడిగా ఇచ్చేస్తారు. పాత జీతం వివరాలు కొత్త చోట ఇస్తే ఆ తేడా నెలవారీ కోతలోనే సర్దుకుంటుంది. ఇవ్వకపోతే జూలైలో ఒకేసారి వడ్డీతో తగులుతుంది. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లని 2025లో రిటర్ను హెచ్ఆర్ఏ, కట్టిన అద్దె, పాలసీ నంబర్లు విడివిడిగా అడిగింది. ఆ ఏటి హెచ్ఆర్ఏ లెక్కలో హైదరాబాదుకి 40 శాతమే, 50 కాదు. ఈ గడులు నింపడానికి స్లిప్పులు కావాలి, వాటి వెనకున్న కథ చెప్పడానికి పేరోల్ మనిషి కావాలి.

మేనకోడలు సోమవారం బడికి వెళ్లి జూనియర్ అసిస్టెంటుగారి పక్కన కూర్చుని, తన ఎర్ర సిరా కాగితం ఆయన ముందు పెట్టింది. వృత్తి పన్ను గడి ఆయన ఖాళీగా వదిలేశారని అప్పుడు బయటపడింది. నెలకి 200 చొప్పున ఏడాదికి 2,400. కొత్త పన్ను విధానంలో దాని మినహాయింపు లేదు కాబట్టి ఆమెకి నష్టం లేదు. పాత విధానం ఎంచుకున్న ముగ్గురు టీచర్లకి ఉంది. ఆ ముగ్గురి కోసం 24క్యూ సవరణ వేయడానికి పూనుకున్నారు. రిటర్ను గడువు 2025 సెప్టెంబరు 15 దాకా పొడిగించారు కాబట్టి అప్పటికి వ్యవధి ఉంది.

నాలుగో త్రైమాసికం టీడీఎస్ రిటర్ను మే 31లోపు వేయాలి. వేసేముందు, ఏప్రిల్లోనే, ప్రతి డీడీవో తన సిబ్బందికి ఒక్కొక్కరికీ ఏడాది లెక్క ఒక కాగితం మీద తీసి ఇవ్వాలి. మార్చి నుంచి ఫిబ్రవరి దాకా స్లిప్పులు, సప్లిమెంటరీ బిల్లులు, పీఎఫ్‌కి జమైన బకాయిలు, కోసిన పన్ను, పాన్ అన్నీ అందులో ఉండాలి. ఉద్యోగి చదివి సంతకం పెట్టాకే అది పైకి వెళ్లాలి. ఉత్తర్వు వచ్చేదాకా ఆగక్కర్లేదు. వచ్చే ఏప్రిల్లో మీరే అడగండి.