పిడికెడు

పొయ్యి మీద ఎసరు మరుగుతుంటుంది. చేటలో బియ్యం. రాళ్ళు ఏరి, కడగబోయే ముందు, అమ్మా, నీ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. పిడికెడు తీసి మూలనున్న డాల్డా డబ్బాలో వేస్తావు. అది దేవుడిది. ఆ తర్వాతే నాన్నది, మాది, వేళకు ఇంటికొచ్చిన వాళ్ళది. నీ వంతుకు అడుగు మాడు.

సంక్రాంతి దాటితే మిరపచేను ఎర్రబడుతుంది. కాయ కోసి, కళ్ళంలో పరిచి, రాత్రి మంచుకు పట్టాలు కప్పి, పగలు ఎండకు తిరగేసి, తాలు ఏరి, టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకు పంపేదాకా నీ నడుముకు నిటారు తెలీదు. ఆ రోజులు నీ చేతులు మండే కాలం. మజ్జిగలో ముంచినా, ఆముదం రాసినా ఆ మంట వేళ్ళ సందుల్లోనే కాపురం. అందుకే కోతల కాలంలో మాకు అన్నం కలిపి పెట్టింది నాన్న. నువ్వు కాస్త ఎడంగా కూర్చుని, కళ్ళలో పడుతున్న చెల్లి జుట్టును మోచేత్తో వెనక్కి నెట్టేదానివి. ప్రార్థనలో ఏడుపొచ్చినా వేళ్ళతో తుడుచుకునేదానివి కాదు, కొంగు చివర అద్దుకునేదానివి. ఓరకంట చూసే నాకు అదంతా భక్తే అనిపించింది. సగం భక్తి, సగం మిరప.

పట్టా నాన్న పేర, బ్యాంకు లోను నాన్న పేర. రైతెవరని అడిగితే ఊరు నాన్నను చూపిస్తుంది. ఏ సాలులో ఆకు ముడత మొదలైందో ముందు పసిగట్టేది మాత్రం నువ్వు.

ఆదివారం చేను పిలిచినా పోవు. పక్క చేలవాళ్ళు కూలి రెట్టింపు ఇస్తామన్నా పోలేదు. ప్రభువు బల్ల ఉన్న వారమైతే పెట్టెలోంచి తెల్లచీర బయటికొస్తుంది. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని కీర్తన ఎత్తుకునేది నువ్వే. పాటల పుస్తకంలో కీర్తన నెత్తిన రాగమూ తాళమూ అచ్చేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారు ఏ రాగంలో కట్టారో నీకేం తెలుసు, చదువు రాదాయె. నాట్లలో పాడే గొంతుతోనే పాడతావు. కీబోర్డు కుర్రాడు నీ శ్రుతి వెతుక్కుంటూ వెనక పరిగెత్తాలి.

గుండ్లకమ్మ కథ నీ నోటే వినాలి. 1876లో మొదలైన కరువు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మిషనరీ క్లౌ దొర మనవాళ్ళకు పని ఇప్పించాడు. గంజి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని కరువు తగ్గేదాకా బాప్తిస్మాలు ఆపాడు. 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన, ఒక్కరోజే 2,222 మంది ఆ ఏట్లో మునిగి లేచారు. వాళ్ళలో మీ అవ్వకు అవ్వ ఉందంటావు. ఉండే ఉంటుంది. చిత్రమేమిటంటే, ఆ కథలో నువ్వు దేవుడి గురించి తక్కువ, నీళ్ళ గురించి ఎక్కువ చెబుతావు. ఊరు తన బావిలో చేద వెయ్యనివ్వని మనుషులు నడుములోతు ఏట్లో నిలబడ్డారని, ఎవరూ అదిలించలేదని.

శనివారం సాయంత్రం డబ్బాలో బియ్యం గుడి సంచిలోకి ఒంపుతావు. కొంత పాస్టరుగారింటికి, కొంత లేనివాళ్ళకు.

కళ్ళంలో కాయంతా అకాల వానకు తడిసి తాలైపోయిన ఏడు, ఓ రాత్రి పాస్టరమ్మగారు కొంగు చాటున సంచి తెచ్చి మన వసారాలో దించింది. దీపం పెట్టేలోపే వెళ్ళిపోయింది. సన్నబియ్యం, లావుబియ్యం, స్టోరు బియ్యం, అన్నీ కలిసిన గుడి బియ్యం. ఎన్ని ఇళ్ళ పిడికిళ్ళో. నువ్వు చేటలో పోసుకుని, రాళ్ళు లేకపోయినా చాలాసేపు ఏరావు. ఎసరు పొంగుతోంది. కడగబోతూ చెయ్యి ఆగింది.

పిడికెడు తీసి డాల్డా డబ్బాలో వేశావు.