క్యామ్‌షాఫ్టు చదివే మేస్త్రీలు

ఉద్దానంలో పికప్ బండికి తీరిక ఉండదు. ఎండాకాలం జీడిపిక్కలు, పనసకాయలు, ఏడాది పొడుగునా కొబ్బరి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు తోటల్లోంచి ఇసుక దారుల మీద ఫస్ట్ గేరులో ఈడ్చుకుంటూ బయటపడి పలాస జీడి ఫ్యాక్టరీల దాకా పోవాలి, లేదంటే 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి ఇంకా దూరం పోవాలి. టెక్కలి వైపైతే గ్రానైటు, నౌపడ దగ్గర ఉప్పు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఈ తోటల్ని కూల్చేసింది. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ తోట పోయిన ఇంట్లో కొత్త బండి మాట ఎత్తడం కష్టం. పాత బండికే ఇంకో ఇంజిన్ వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలో పలాస, కాశీబుగ్గ, టెక్కలి షెడ్లలోని మేస్త్రీలు చూపే పనితనం దగ్గర కూర్చుని చూడదగ్గది.

ఈ దారుల్లో ఎక్కువగా తిరిగిన పాత మహీంద్రా డీఐ బండినే తీసుకుందాం. ఇంజిన్ 2523 సీసీ. సిలిండరు వ్యాసం 88.9 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 101.6 మిల్లీమీటర్లు. అంగుళాల్లో చెబితే మూడున్నర, నాలుగు. వ్యాసం కన్నా నడక ఎక్కువ కాబట్టి తక్కువ వేగంలోనే బరువు లాగుతుంది. ఇసుకలో ఇరుక్కున్న లోడు బండికి కావలసింది అదే. టాటా 207 డీఐలోని 497 ఇంజిన్‌కైతే కొలత పేరులోనే ఉంది: నాలుగు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల వ్యాసం, మొత్తం 2956 సీసీ.

మహీంద్రా దగ్గర ఒక చిక్కుంది. అదే 2523 సీసీలో మామూలు డీఐ ఉంది, టర్బో ఉంది, కామన్ రైలు కూడా ఉంది. సీసీ కలిసింది కదా అని కామన్ రైలు ఇంజిన్ కొనుక్కొచ్చి పాత బండి ముందు దించితే, దాని వెనకే కంప్యూటరు, సెన్సర్లు, వైరింగు, అధిక పీడనపు డీజిల్ పంపు అన్నీ రావాలి. మంచి మేస్త్రీ బేరం మొదలుపెట్టక ముందే బ్లాకు మీది నంబరు చూస్తాడు, పంపు ఏ రకమో చూస్తాడు, పాత గేరుబాక్సుకు బెల్ హౌసింగ్ కలుస్తుందో లేదో చూస్తాడు. ఇంకా పెద్ద ఇంజిన్ వేద్దామని ఓనరు ఉత్సాహపడితే, బ్రేకులూ వెనక యాక్సిలూ పాతవేనని గుర్తుచేసి ఆపుతాడు. ఆ ఆపడం కూడా పనితనమే అంటాను నేను.

తరవాత ఇంజిన్ని చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయమంటాడు. అమ్మేవాడు ముందే వేడి చేసి ఉంచితే ఆ రోజుకు బేరం లేదు. చల్లటి ఇంజిన్ నిజం దాచదు. కంప్రెషన్ తగ్గితే పట్టుకోవడానికి సతాయిస్తుంది, తెల్ల పొగ చిమ్ముతుంది. నీలం పొగ వస్తే ఆయిలు మండుతోందన్నమాట. ఆయిలు పోసే మూత తీసి అక్కడ అరచెయ్యి పెడతాడు. గాలి దట్టంగా పైకి తంతే ‘బ్యాక్ కంప్రెషన్’, అంటే రింగులూ బోరూ అరిగాయి. ఈ తీరంలో ఇంకో పరీక్ష తప్పదు. ఉప్పు గాలికి పైపైన తుప్పు పడితే పడుతుంది, దాన్ని రుద్దెయ్యొచ్చు. ఏళ్ల తరబడి రేడియేటరులో కూలెంటు బదులు బోరు నీళ్లు పోసి ఉంటే మాత్రం లోపలి నీటి దారులు మట్టికట్టి, వాటిని మూసే డమ్మీ ప్లగ్గుల్ని తుప్పు తినేసి ఉంటుంది. అందుకని ఒక ప్లగ్గు ఊడదీసి లోపల గీకి చూస్తాడు.

ఇంతవరకూ చాలామంది చేస్తారు. క్యామ్‌షాఫ్టు దగ్గరే మేస్త్రీల మధ్య తేడా తెలుస్తుంది.

క్యామ్ ఈ ఇంజిన్లలో హెడ్డు మీద ఉండదు, బ్లాకు లోపలే ఉంటుంది. క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఇది ఒక చుట్టు తిరుగుతుంది. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఎనిమిది లోబులు, నాలుగు గాలి లోపలికి రావడానికి, నాలుగు పొగ బయటికి పోవడానికి. లోబు టాపెట్టును లేపుతుంది, టాపెట్టు పుష్ రాడ్డును, అది రాకరును, రాకరు వాల్వును. ఇంజిన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు గంటలో 60 వేల సార్లు తెరుచుకుంటుంది. అన్నిసార్లూ ఒత్తిడంతా లోబు ముక్కు మీదే పడుతుంది.

ముక్కు అరిగితే వాల్వు పూర్తిగా లేవదు. గాలి చాలదు, డీజిల్ మాత్రం ఎప్పటిలాగే పడుతుంది, నల్ల పొగ వస్తుంది, ఎక్కుడులో బండి చచ్చుబడుతుంది. ఓనరు పంపు పని చేయిస్తాడు, నాజిల్స్ మారుస్తాడు. డబ్బు పోతుంది, పొగ పోదు. టాపెట్ సెట్టింగు చేసినప్పుడు కూడా ఈ రోగం దొరకదు. ఫీలర్ గేజి గ్యాపు కొలిచేది లోబు మడమ వైపు, అరిగిందేమో ముక్కు. గ్యాపు అచ్చంగా పుస్తకంలో ఉన్నట్టే ఉంటుంది, ముక్కు మాత్రం కరిగిపోయి ఉంటుంది. తెలిసిన మేస్త్రీ రాకరు మీద డయల్ గేజి నిలబెట్టి, ఇంజిన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ ఒక్కో వాల్వు ఎంత లేస్తోందో రాసుకుంటాడు. ఇన్‌టేక్ నాలుగూ ఒకదానితో ఒకటి సరిపోవాలి, ఎగ్జాస్టు నాలుగూ అంతే. క్యామ్ బయటికి తీశాక మైక్రోమీటరుతో లోబు ఎత్తు, అడ్డం కొలుస్తాడు. దానికన్నా ముందు గోరుతో లోబు అంచు మీద గీస్తాడు. టాపెట్టు తగలని అంచు ఎత్తుగా, మధ్య పల్లంగా తగిలితే ఇంక మైక్రోమీటరు చెప్పేది ఎంత అరిగిందన్నదే. ఈ గోరు పరీక్షను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

ఇప్పుడు ఏ క్యామ్ వెయ్యాలి? అమెరికాలో పాత పెట్రోలు పికప్‌లకు ఇంజిన్ మార్చేవాళ్లకు ఇది పెద్ద వేడుక. వాల్వులు ఎక్కువ ఎత్తు లేచేలా, ఎక్కువసేపు తెరిచి ఉండేలా చెక్కిన క్యామ్‌లు రకరకాలుగా అమ్ముతారు. వేసుకుంటే పై వేగంలో శక్తి పెరుగుతుంది, కింది వేగంలో తగ్గుతుంది. డీజిల్ లోడు బండికి ఆ దారి పనికిరాదు. ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటే కంప్రెషన్ పడిపోతుంది. ప్లగ్గు నిప్పు లేకుండా కేవలం నొక్కిన గాలి వేడితోనే మండే ఇంజిన్ తెల్లవారుజామున అసలు పట్టుకోదు. అందుకని ఇక్కడి ఎంపిక కంపెనీ కొలతల క్యామే. అరిగిన లోబుల్ని మళ్లీ గ్రైండింగ్ పట్టించినవి చవగ్గా దొరుకుతాయి. గట్టిపరిచిన పై పొర పలచగా ఉంటుంది, గ్రైండింగులో అది పోతే కింద మెత్తని లోహం మిగులుతుంది. కొబ్బరి లోడు మోసే బండికి అది వద్దని నా గట్టి అభిప్రాయం.

కొత్త క్యామ్ కొన్న ఓనరు పాత టాపెట్లతో సరిపెట్టమని అడుగుతాడు. “కామ్ ఒక్కటే మారిస్తే ఏటి లాభం బాబూ, టాపెట్లు ఒగ్గీండి, కొత్తవి తెండి” అంటాడు మేస్త్రీ. పాత టాపెట్టు ముఖం పాత లోబుకు తగ్గట్టు అరిగి ఉంటుంది. లోబు మీద అది తనంతట తాను తిరుగుతుండాలి. తిరగడం మానేస్తే ఒకే చోట రాసుకుని కొత్త లోబును కొద్ది రోజుల్లోనే తినేస్తుంది. ఎనిమిది టాపెట్లకు అయ్యే ఖర్చు దగ్గర పొదుపు చేసి క్యామ్‌నే పోగొట్టుకోవడం అన్యాయం.

బిగింపు కూడా చూడాలి. లోబులకూ టాపెట్లకూ చిక్కటి గ్రీజు లాంటి లూబ్రికెంట్ పట్టిస్తారు. టైమింగ్ గేర్ల మీది గుర్తులు కలిపాక క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పుతారు, అంటే క్యామ్ ఒక చుట్టు. ఎక్కడా వాల్వు పిస్టన్‌కు తగలకూడదు. మధ్యలోని ఐడ్లర్ గేరు గుర్తు అంతలోనే తిరిగి కలవకపోవచ్చు, దానికి కంగారుపడనక్కర్లేదు. డీజిల్ ఆపి ఉంచి స్టార్టరుతో తిప్పి ఆయిల్ ప్రెషర్ ఎక్కించాకే స్టార్టు చేస్తారు. పట్టుకోగానే ఐడ్లింగులో వదిలెయ్యరు. సుమారు 20 నిమిషాలు 1500 చుట్ల పైనే ఉంచుతారు. క్యామ్ మీదికి ఆయిలు ఎక్కువగా చిమ్మేది క్రాంకే కాబట్టి, నెమ్మదిగా తిరిగితే కొత్త లోబులకు తడి చాలదు. ఆ 20 నిమిషాలూ షెడ్డులో ఎవరూ ఆ బండి దగ్గర నుంచి కదలరు. ఆ ఆయిలును ఎక్కువ రోజులు వాడకుండా తొందరగానే మార్చేస్తారు.

పాత ఇంజిన్ కొంటున్నవాళ్లకు ఒక మాట. బిల్లు తీసుకోండి, అది ఏ బండిలోంచి దిగిందో కాగితం అడగండి, బ్లాకు నంబరు చెరిపినట్టు కనిపిస్తే వదిలెయ్యండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్చడానికి రవాణా శాఖ అనుమతి ఉండాలి. మార్చిన 14 రోజుల్లో వాళ్లకు తెలియజేసి ఆర్.సి.లో కొత్త నంబరు ఎక్కించుకోవాలి.