మేడారం కథలో కప్పం: చేతికి రాని సొమ్ముకు పూచీ

సమ్మక్క–సారలమ్మల గురించిన వ్యాసాలలో కోయలు కాకతీయులకు కప్పం కట్టడానికి నిరాకరించారన్న వాక్యం తరచుగా కనిపిస్తుంది. దీన్ని పునఃపరిశీలించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. విస్తృతంగా ప్రచారంలో ఉన్న కథనం ప్రకారం మేడారం పాలకుడు పగిడిద్దరాజు కాకతీయుల సామంతుడు. కరవు వల్ల అతడు కప్పం చెల్లించలేకపోయాడు. పొలవాస ప్రభువు మేడరాజుకు ఆశ్రయమిచ్చాడన్న ఆగ్రహమూ తోడై ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపాడు. ‘కప్పం కట్టలేదు’ అన్న తెలుగు మాట అశక్తతకూ ధిక్కారానికీ ఒకే విధంగా సరిపోతుంది. విమర్శకులు రెండవ అర్థాన్నే ఎంచుకోవడంతో కథ వీరగాథగా స్థిరపడి, అందులోని ఆర్థికమైన మొర మరుగునపడింది.

సామంతుడి పని రెండు విధాలు: ప్రజల నుంచి రాబట్టడం, రాబట్టినదాన్ని రాజుకు చేరవేయడం. ఆధునిక పాలన ఈ రెండింటినీ విడదీసింది. 1934 నాటి భారతీయ రిజర్వు బ్యాంకు చట్టం 45వ సెక్షను ప్రకారం నియమితమైన ఏజెన్సీ బ్యాంకులు ప్రభుత్వం తరఫున పన్నుల సొమ్మును స్వీకరిస్తాయి. గడువులోగా దాన్ని ప్రభుత్వ ఖాతాకు చేర్చకపోతే బ్యాంకు అపరాధ వడ్డీ చెల్లించాలి. నిబంధన కఠినమైనదే. అయినా బ్యాంకు పూచీ తన చేతికి వచ్చిన సొమ్ము వరకే. పన్నుదారు కట్టని మొత్తానికి ఎవరూ బ్యాంకును నిలదీయరు. పగిడిద్దరాజుకు అటువంటి హద్దు లేదు. పండని పంటకు కూడా అతడే జవాబుదారు. కథలోని అన్యాయానికి మూలం ఇక్కడ ఉందని నా అభిప్రాయం.

ఆపదను గుర్తించి మినహాయింపునివ్వడం కాకతీయ పాలనకు తెలియని విషయం కాదు. గణపతిదేవుడి మోటుపల్లి అభయశాసనం (1244) ఇందుకు నిదర్శనం. తుపానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకునంతా పూర్వరాజులు స్వాధీనం చేసుకునేవారని, తాను నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటానని అందులో గణపతిదేవుడు ప్రకటించాడు. రేవులోని వర్తకుడికి దక్కిన ఈ దయ, కథలోని అడవికి దక్కలేదు. శాసనానికీ మౌఖిక కథకూ సాక్ష్యవిలువ సమానం కాదు గనుక దీన్ని చారిత్రక నిర్ణయంగా చెప్పడం లేదు. శాసనం రాజు తన గురించి తాను చెప్పుకున్న మాట. కథ కప్పం కట్టవలసినవారి వైపు నుంచి వచ్చిన మాట. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడానికి ఈ తేడాయే కారణం.

జాతరలో భక్తులు బెల్లాన్ని ‘బంగారం’ అని పిలుస్తూ, తమ బరువుకు సరితూగేంత తూచి సమర్పిస్తారు. కప్పం కోసం యుద్ధం జరిగిందని చెప్పుకునే చోట, ఇవ్వవలసినదానికి కొలత ఇచ్చేవారి దేహమే కావడం గమనార్హం. దీన్ని కథకు ఉద్దేశపూర్వకమైన జవాబుగా చూడడం అతివ్యాఖ్య కావచ్చు.

కోయ డోలీల గానంలోనూ, ఇతరుల వచన కథనాలలోనూ పాఠాంతరాలను సేకరించే పరిశోధకులు కప్పం ప్రస్తావన దగ్గర వాడిన క్రియాపదాన్ని యథాతథంగా నమోదు చేయాలి. ‘కట్టలేకపోయాడు’, ‘కట్టలేదు’, ‘కట్టనన్నాడు’ అన్న మూడింటినీ సారాంశంలో ‘నిరాకరణ’గా కుదించినందువల్లనే ఇంతకాలం ఈ ప్రశ్న తలెత్తలేదు.