సీమ అవిసె ఆకు, మెడికల్ షాపు ట్యూబు

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లలో తామర పాత కాపే. ఇరుకు గదులు, ఆరీ ఆరని జీన్సులు, ఒకే టవలు ఇద్దరికి. ఊళ్లో అమ్మమ్మ సీమ అవిసె ఆకు నిమ్మరసంతో నూరి రాయమంటుంది. సందు చివర మెడికల్ షాపతను ట్యూబు చేతిలో పెడతాడు. ఒకటి నాటు వైద్యం, ఇంకోటి సైన్సు అని మన లెక్క.

ఆకును తీసిపారేయలేం. అందులో క్రైసోఫనాల్, రైన్ వంటి పదార్థాలున్నాయి. ల్యాబు పళ్లెంలో పెంచిన ఫంగస్‌ను ఆకు రసం అడ్డుకుంటుంది. ఫిలిప్పీన్స్ ప్రభుత్వం ఆమోదించిన పది మూలికల్లో ఇదీ ఒకటి. అయితే పళ్లెం వేరు, తొడ చర్మం వేరు. మొండికేయని తామర ఫంగస్‌కు టెర్బినాఫిన్ అనే మందు మిల్లీలీటరుకు 0.1 మైక్రోగ్రాము కూడా అక్కర్లేదు. మొక్కల రసాలకు తరచూ వందలు, వేలు కావాలి. పైగా ఏ ఆకులో ఎంత మందుందో నూరే చేతికి తెలియదు.

మరి ట్యూబు? అందులో ఫంగస్ మందుతో పాటు చాలాసార్లు క్లోబెటాసోల్ అనే గట్టి స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో దురద పోతుంది, ఫంగస్ పోదు. మచ్చ అంచు చెరిగి, డాక్టరు కూడా పోల్చుకోలేనట్టు పాకుతుంది. 2018లో ఇలాంటి పూత స్టెరాయిడ్లను డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదన్నారు. చీటీ అడిగే షాపు ఎక్కడుందో మీకే తెలియాలి. భారత్, నేపాల్ రోగుల చర్మం నుంచి జపాన్‌లో గుర్తించి 2020లో పేరు పెట్టిన ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే తామర ఫంగస్ మీద టెర్బినాఫిన్ కూడా తరచూ పనిచేయడం లేదు. ఈ స్టెరాయిడ్ ట్యూబుతో పోలిస్తే నా ఓటు ఆకుకే: అది ఓడితే ఓడినట్టు కనబడుతుంది, రోగాన్ని దాచదు.

రెండింటికంటే నాకు నచ్చింది విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్: బెంజోయిక్ ఆమ్లం 6 శాతం, శాలిసిలిక్ ఆమ్లం 3 శాతం. బెంజోయిక్ ఆమ్లాన్ని మొదట తీసింది మన సాంబ్రాణి నుంచే. మొక్క సరుకే, కాకపోతే కొలిచి కలిపింది.

ఒంట్లోకి దిగిన ఫంగస్ దగ్గర మాత్రం ఆకు పోటీలోనే లేదు. 2021లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి బ్లాక్ ఫంగస్ రోగులతో నిండినప్పుడు అందరూ వెతికింది ఆంఫోటెరిసిన్ బి కోసం. దాని పుట్టిల్లు వెనెజులా మట్టిలోని బ్యాక్టీరియా. గ్రిసియోఫుల్విన్ అనే ఇంకో ఫంగస్ మందు 1939లో ఒక బూజు నుంచి దొరికింది. ఇవీ ప్రకృతి మందులే, మొక్క ఇచ్చినవి కావంతే. 2021లోనే అమెరికా అనుమతించిన ఐబ్రెక్సాఫంగెర్ప్ అనే ఫంగస్ మాత్రకు మూలం జూనిపర్ ఆకుల్లో కాపురముండే ఫంగస్, ఆకు కాదు.