టెలివిజన్ తెరపై కొత్త హంగులు: గుణదోష విచారణ

టెలివిజన్ సెట్టును ఒకసారి కొన్నచో చెడిపోవువరకు ఇంటిలో ఉంచుకొను కాలమొకటి ఉండెడిది. 1977లో హైదరాబాదు కేంద్రము ప్రసారములు ప్రారంభించిన పిమ్మట చాలకాలమువరకు కొనువారు విచారించిన విషయములు రెండే: నలుపు తెలుపు సెట్టా, రంగుల సెట్టా; తెర ఎన్ని అంగుళములు? నేటి పరిస్థితి వేరు. దుకాణములో అడుగు పెట్టినంతనే 4కె, 8కె, హెచ్.డి.ఆర్., ఓ.ఎల్.ఇ.డి., మినీ ఎల్.ఇ.డి., 120 హెర్ట్జ్, కృత్రిమ మేధ అను పేర్లు వరుసగా వినబడును. 2025 సెప్టెంబరు 22 నుండి 32 అంగుళములకు మించిన సెట్లపై వస్తు సేవల పన్ను 28 శాతమునుండి 18 శాతమునకు తగ్గినది. చక్కగా పనిచేయుచున్న సెట్టును తీసివేసి కొత్తది తెచ్చుకొనవలెనను కోరికకు ఇది మరియొక ప్రోత్సాహము. కాని పన్ను తగ్గినంతమాత్రమున అక్కరలేని వస్తువు అక్కరకు వచ్చునది కాదు.

ఈ హంగులలో దేనికి డబ్బు పెట్టవచ్చును, దేనికి పెట్టరాదు అను ప్రశ్నకు ప్రకటనలు సమాధానము చెప్పజాలవు. సమాధానము మూడు విషయములపై ఆధారపడి యున్నది: చూచువాని కంటి శక్తి, అతడు కూర్చుండు దూరము, తెరకు అందుచున్న చిత్రము. ప్రతి హంగును ఈ మూడింటితో తూచి చూచినచో నిజమేదో తేలిపోవును.

బిందువుల లెక్క

తెరపై కనబడు చిత్రము పిక్సెళ్ళు అనబడు సూక్ష్మ బిందువుల కూర్పు. పూర్తి హెచ్.డి. తెరలో అడ్డముగా 1920, నిలువుగా 1080 బిందువులుండును. మొత్తము సుమారు 20 లక్షల 70 వేలు. 4కె తెరలో 3840, 2160 చొప్పున ఇవి 83 లక్షలు. 8కె తెరలో 7680, 4320 చొప్పున 3 కోట్ల 31 లక్షలు. ఒక్కొక్క మెట్టులో బిందువులు నాలుగు రెట్లగుచున్నవి. చూచు కన్ను మాత్రము పూర్వపు కన్నే.

కంటికి గల సూక్ష్మదృష్టిని కోణములతో కొలుచుదురు. ఒక డిగ్రీలో 60వ వంతును జ్యోతిషగణితములో కళ యందురు. ఒక కళ ఎడముగా ఉన్న రెండు గీతలను ఆరోగ్యవంతమైన కన్ను వేరు వేరుగా గుర్తించునని నేత్రవైద్యులు ప్రమాణముగా గ్రహించిరి. అనగా డిగ్రీకి 60 బిందువులన్న మాట. 2025లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన ఫలితముల ననుసరించి నలుపు తెలుపు వివరములలో ఈ హద్దు సగటున డిగ్రీకి 94 బిందువులవరకు ఉన్నది. పసుపు, ఊదా వన్నెల భేదముతో కూడిన వివరములలో అది 53 మాత్రమే. కావున కన్ను కొన్ని విషయములలో అనుకొన్నదానికంటె చురుకైనదే. అయినను దానికి హద్దు లేకపోలేదు.

ఈ హద్దును 55 అంగుళముల తెరకు అన్వయించి చూడవచ్చును. దాని వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు. ఒక్కొక్క బిందువు వెడల్పు పూర్తి హెచ్.డి.లో 0.63 మిల్లీమీటరు, 4కెలో 0.32, 8కెలో 0.16. ఇండ్లలో టెలివిజనుకు, కుర్చీకి నడుమ రెండున్నర మీటర్ల దూరముండుట సామాన్యము. ఆ దూరమునుండి ఒక కళ 0.73 మిల్లీమీటరునకు సమానము. కేంబ్రిడ్జి పరిశోధకుల కఠినమైన హద్దు ప్రకారము లెక్కించినను 0.46 మిల్లీమీటరు వచ్చును. 4కె బిందువు ఈ రెండు హద్దులకంటెను చిన్నది. దానిని మరల నాలుగు ముక్కలు చేసిన 8కె తెర ఆ కుర్చీలోని వానికి అధికముగా చూపునది ఏమియు లేదు.

ఇది 8కె పద్ధతిని రూపొందించినవారికి తెలియని విషయము కాదు. జపాను దేశపు ప్రసారసంస్థ ఎన్.హెచ్.కె. దీనిని చిరకాలము పరిశోధించి, 2018 డిసెంబరు 1న ఉపగ్రహముద్వారా 8కె ప్రసారములు ప్రారంభించినది. వారి ఉద్దేశము ప్రేక్షకుని దృష్టిని చుట్టుముట్టునంతటి విశాలచిత్రము. అందుకై తెర ఎత్తులో ముప్పాతిక వంతు దూరములో కూర్చుండవలెనని లెక్కకట్టిరి. 4కె తెరకు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు, హెచ్.డి. తెరకు మూడు రెట్లు తగిన దూరము. 55 అంగుళముల తెర ఎత్తు 68 సెంటీమీటర్లు. కావున దానిపై 8కె విలువ పూర్తిగా తెలియవలెనన్నచో అర మీటరు దూరమునుండి చూడవలెను! గోడనంతను ఆక్రమించు తెరలకు, ప్రదర్శనశాలలకు 8కె ఉచితమైన సాధనమే. సామాన్య గృహములోని హాలుకు తెచ్చుటవలననే అది అర్థము లేని అంకెగా మారినది.

పాఠకులు దీనిని స్వయముగా పరీక్షించుకొనవచ్చును. తెల్ల కాగితముపై ఒక మిల్లీమీటరు మందము గల నల్లని గీతలను, ఒక్కొక్క మిల్లీమీటరు ఎడముతో, పదింటిని గీయవలెను. కాగితమును వెలుతురులో గోడకు అంటించి, క్రమముగా వెనుకకు నడువవలెను. గీతలు కలిసిపోయి బూడిద వన్నె పట్టీవలె కనబడు దూరమును కొలిచి, దానిలో మూడవ వంతు తీసికొనవలెను. 55 అంగుళముల 4కె తెరను అంతకంటె దూరమునుండి చూచువానికి 8కె తెరవలన అదనపు లాభము లేదు. ఉదాహరణకు గీతలు నాలుగున్నర మీటర్లలో కలిసిపోయినచో ఆ హద్దు ఒకటిన్నర మీటరు. కళ్ళజోడు వాడువారు దానిని ధరించియే ఈ పరీక్ష చేయవలెను.

కనబడని బిందువులకు విద్యుత్తు ఖర్చు మాత్రము కనబడును. బిందువు చిన్నదైన కొలది దానిని నడుపు ట్రాన్సిస్టరు, తీగలు ఆక్రమించు భాగము పెరిగి, వెనుకనుండి వచ్చు వెలుగునకు దారి ఇరుకగును. అంత మెరుపును తెచ్చుటకు వెనుక దీపములను ఎక్కువగా వెలిగింపవలసి వచ్చును. 2023 మార్చి 1 నుండి ఐరోపా సమాఖ్య 8కె సెట్ల విద్యుత్ వినియోగమునకు కూడ హద్దు విధించినది.

వెలుగు చీకట్లు

బిందువుల సంఖ్యను గూర్చిన విమర్శ అన్ని హంగులకు వర్తింపదు. వెలుగు, చీకటి అను విషయములో టెలివిజన్ తెర నేటికిని కంటికంటె చాల వెనుకబడి యున్నది. ఎండ నేరుగా పడుచున్న తెల్ల కాగితము చదరపు మీటరుకు 20 వేల కాండెలాలకు మించి వెలుగును. పూర్వపు టెలివిజన్ పద్ధతి 100 కాండెలాల తెరను దృష్టిలో ఉంచుకొని ఏర్పడినది. హెచ్.డి.ఆర్. అను కొత్త పద్ధతులలో ఒకటి 10 వేల కాండెలాలవరకు వెలుగును సంకేతములో పొందుపరచును. ఒక్కొక్క ప్రాథమిక వర్ణమునకు 256 మెట్లకు బదులు 1024 మెట్లుండును. అందుచే సంధ్యాకాశములో చారలు లేక ఒక రంగు మరియొక రంగులో మెల్లగా కలిసిపోవును. ఇది కంటికి తెలియు భేదము. రెండున్నర మీటర్లనుండియే కాదు, నాలుగు మీటర్లనుండియు తెలియును.

ఇచట కొనువారు జాగ్రత్త వహింపవలసిన విషయమొకటి కలదు. పెట్టెపై హెచ్.డి.ఆర్. అని వ్రాసి యున్నంతమాత్రమున తెరకు ఆ శక్తి ఉన్నట్లు కాదు. ఆ సంకేతమును సెట్టు గ్రహింపగలదని మాత్రమే దాని యర్థము. చౌక సెట్లలో అనేకములు 300 కాండెలాల మెరుపుకు మించలేవు. అట్టివాటి విషయములో ఈ ముద్ర పైన పటారము, లోన లొటారము.

చీకటిని చూపుట వెలుగును చూపుటకంటె కష్టము. సామాన్యమైన ద్రవస్ఫటిక తెరలో వెనుక దీపము ఎల్లప్పుడు వెలుగుచునే యుండును. స్ఫటికములు ఆ వెలుగును అడ్డగించును గాని పూర్తిగా ఆపలేవు. అందుచే చీకటి గదిలో నలుపు బూడిద వన్నెగా కనబడును. ఓ.ఎల్.ఇ.డి. తెరలో ఒక్కొక్క బిందువు తనంత తానే వెలుగును. నలుపు కావలసినచోట అది ఆరిపోవును. ఈ డయోడుకు మూలమైన నమూనాను ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలోని చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అను రసాయన శాస్త్రజ్ఞులు 1987లో ప్రకటించిరి. 55 అంగుళముల సెట్టుగా అది విపణికి వచ్చినది 2013లో. నూతన లక్షణములలో చిత్రపు నాణ్యతను నిజముగా పెంచినది ఏది యన్నచో దీనిని ముందు పేర్కొనవలెను.

అయినను ఇది అందరికి తగినది కాదు. పట్టపగలు కిటికీలు తెరచియుంచు హాలులో తెరపై పడు వెలుతురు ఆ గాఢమైన నలుపును కప్పివేయును. ఒకే చోట కదలక నిలిచియుండు గుర్తులు కొన్ని వేల గంటలు వెలిగినచో అచటి బిందువులు ముందుగా అరిగి మచ్చ ఏర్పడు ప్రమాదము కలదు. వార్తాఛానలు ముద్ర, దాని అడుగున పరుగెత్తు పట్టీ ఉదయమునుండి రాత్రివరకు వెలుగుచుండు ఇండ్లకు మినీ ఎల్.ఇ.డి. తెర మేలు. దీనిలో ద్రవస్ఫటికముల వెనుక వందలకొలది దీపమండలములుండి, నల్లని భాగముల వెనుక తగ్గును. నల్లని తెరపై తెల్లని అక్షరముల చుట్టు కొంచెము వెలుగు పరివేషము కట్టుట దీని లోపము.

కదలిక

చలనచిత్రము సెకనుకు 24 బొమ్మలతో నడచును. 60 హెర్ట్జ్ తెరలో 24 సమముగా ఇమడదు. కావున ఒక బొమ్మను రెండు మారులు, తరువాతి బొమ్మను మూడు మారులు చూపవలసి వచ్చును. కెమెరా మెల్లగా ప్రక్కకు తిరుగు దృశ్యములలో దీనివలన కొంచెము కుదుపు తెలియును. 120 హెర్ట్జ్ తెరలో ఒక్కొక్క బొమ్మను సరిగా అయిదు మారులు చూపవచ్చును. ఈ లాభము స్వల్పమే యైనను వాస్తవము. సెకనుకు 120 బొమ్మలను నిజముగా పంపునవి కంప్యూటరు క్రీడాయంత్రములే. భారతదేశములో క్రికెట్ చూపు హెచ్.డి. ప్రసారములు సెకనుకు 50 అర్ధచిత్రములను మాత్రమే పంపును.

మధ్య బొమ్మలను కల్పించి కదలికను నునుపు చేయు హంగు మరియొకటి. దీనివలన సినిమా వీడియో నాటకమువలె కనబడునని కళాకారులు ఆక్షేపించిరి. 2018 డిసెంబరులో నటుడు టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టొఫర్ మెక్వారీ దీనిని ఆపివేయుడని ప్రేక్షకులను కోరిరి. 2019లో ఫిల్మ్‌మేకర్ మోడ్ అను ఏర్పాటు ప్రకటింపబడినది. అది అట్టి కల్పనలనన్నిటిని ఆపివేయును. డబ్బు పెట్టి కొన్న హంగును ఆపుటకు మరియొక హంగు పుట్టినదన్న మాట.

కృత్రిమ మేధ, అసలు చిత్రము

తక్కువ బిందువుల చిత్రమును ఎక్కువ బిందువుల తెరకు సాగదీయుటలో కృత్రిమ మేధ తోడ్పడునని ప్రకటనలు చెప్పును. సాగదీయుట ఏ తెరకైనను తప్పదు. కొత్త పద్ధతులు అంచులను చక్కబరచుటయు నిజమే. కాని పూర్తి హెచ్.డి. చిత్రము 8కె తెరపై పడినప్పుడు ప్రతి 16 బిందువులలో ఒకటి మాత్రమే ప్రసారమునుండి వచ్చినది. మిగిలిన 15 యంత్రము లెక్కగట్టినవి. కెమెరా గ్రహింపని వివరమును ఏ యంత్రమును తిరిగి తేజాలదు, పోలికను మాత్రము కల్పించును. తెలుగు ఛానళ్ళలో మేలైనవి హెచ్.డి. స్థాయివి, అనేక పాత సినిమాలకు లభించు ప్రతులు అంతకంటె తక్కువవి. లోపము మూలములో ఉండగా తెరను మార్చినందున ప్రయోజనము లేదు.

తీర్పు

ఆడంబరముతో వచ్చి వెళ్ళిపోయిన హంగులు లేకపోలేదు. 2010 ప్రాంతమున ప్రత్యేకమైన కళ్ళజోడుతో చూచు త్రిమితీయ టెలివిజనును భవిష్యత్తని చాటిరి. 2017 నాటికి ప్రధాన సంస్థలు దాని తయారీని మానివేసినవి. దానికై అధికముగా చెల్లించినవారి కళ్ళజోళ్ళు అలమారలలో మిగిలినవి.

ఇంటిలో 4కె సెట్టు చక్కగా పనిచేయుచున్నచో 8కె కొరకు గాని, కృత్రిమ మేధ కొరకు గాని దానిని మార్చుట వృథావ్యయము. దాని అంతర్జాల సౌకర్యము పాతబడినచో సెట్టును మార్చనక్కరలేదు. వెనుక తగిలించు చిన్న స్ట్రీమింగ్ పరికరము చాలును. మాటలు స్పష్టముగా వినబడనిచో లోపము పలుచని సెట్టులో ఇమిడిన చిన్న స్పీకర్లది. విడిగా సౌండ్ బారు అమర్చుట అందుకు మందు. సెట్టు చెడిపోయియో, తెర మరీ చిన్నదై యో ఎట్లును కొత్తది కొనవలసి వచ్చినప్పుడు మాత్రము బిందువుల సంఖ్యకు గాక వెలుగు చీకట్ల నాణ్యతకు డబ్బు పెట్టవలెను. దుకాణములో తెరలన్నిటిని మిక్కిలి మెరుపుతో, ప్రత్యేకముగా తీసిన దృశ్యములతో చూపుదురు. ఇంటిలో చూచునట్టి వార్తలను, పాత సినిమాను పెట్టించి, ఇంటిలో కూర్చుండునంత దూరమునుండి చూడవలెను. అంకెలు చెప్పని సంగతి ఆ రెండు నిమిషములలో కన్ను చెప్పును.

తీసివేసిన సెట్టు గాలిలో కలిసిపోవునది కాదు. పాత ద్రవస్ఫటిక సెట్లలోని గొట్టపు దీపములలో పాదరసము, అంతకుముందటి గాజు సెట్లలో సీసము ఉండును. 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న ఇ-వ్యర్థముల నిబంధనలు వాటిని శుద్ధిచేయించు బాధ్యతను తయారీదారులపై ఉంచినవి. కాని అన్నిటికంటె సులభమైన నివారణ కొనువాని చేతిలోనే యున్నది. పనిచేయుచున్న సెట్టు పనిచేసినంతకాలము వాడబడినచో ఇంటి సొమ్మును మిగులును, నేలకు భారమును తగ్గును.